ఆరో తరగతి రిజిస్టర్ నుంచి మొదలైన మా ఇయర్‌బుక్



మా పదో తరగతి బ్యాచ్ చేసిన ఇయర్‌బుక్ ఫొటోలు చూసి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారు, తెలుగు అక్షరాలు విరిగిపోకుండా ఎలా వచ్చాయి, ప్రింటు ఎలా వేయించారు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడే రాసేద్దామని నలుగురం కూర్చున్నాం. కాస్త పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి. సాఫ్ట్‌వేర్ సంగతి కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, మొదట అది చెప్తాం.

మాది పాడేరు మన్యంలో ఒక ఆశ్రమ పాఠశాల. మేం చేరినప్పుడు విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆరో తరగతి రిజిస్టర్‌లో మా పేర్లు 55. పది పరీక్ష రాసింది 42 మంది. మిగిలిన 13 మందిలో కొందరు కరోనా సెలవుల తర్వాత తిరిగి రాలేదు. కొందరు ఇంట్లో పశువుల దగ్గర, కాఫీ తోటల్లో పనికి ఆగిపోయారు. ఇద్దరు చెన్నై వైపు పనికి వెళ్లిపోయారు. ఒక అమ్మాయి ఎనిమిదో తరగతిలో జ్వరంతో చనిపోయింది.

పుస్తకం అనుకోగానే వచ్చిన మొదటి ప్రశ్న, ఇందులో ఎవరుంటారు? ఇయర్‌బుక్ అంటే పాసై బయటికి వెళ్లేవాళ్ల పుస్తకం, మానేసినవాళ్ల పేర్లు వేస్తే స్కూలుకి చెడ్డపేరు అని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. వాళ్లని తప్పు పట్టడం లేదు. కానీ రాత్రి డార్మెటరీలో ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లం, ఒకే బకెట్టు నీళ్లతో స్నానాలు చేసినవాళ్లం. ఇటుకల పండగ సెలవులకి కలిసి కొండ దిగినవాళ్లం. 42 మందితో పుస్తకం చేస్తే అది పరీక్ష ఫలితాల కాగితం అవుతుంది గాని మన పుస్తకం ఎలా అవుతుంది? చివరికి జాబితా పది హాల్‌టికెట్ల నుంచి కాకుండా ఆరో తరగతి రిజిస్టర్ నుంచి తీసుకున్నాం. 55 పేర్లు, 55 పెట్టెలు, అన్నీ ఒకే సైజు. ర్యాంకు వరస లేదు, అక్షర క్రమమే.

మానేసినవాళ్లని వెతకడానికి నెలరోజులు పట్టింది. సంతలో కనిపించిన వాళ్ల ఊరివాళ్లని అడిగాం, ఫోన్ నంబర్లు పట్టుకున్నాం. ఒకడు ఫోన్లో ఏమన్నాడో అలాగే రాస్తున్నాం: "నా పోటో ఎందుకురా, నాను పది పాసవనేదు కదా." ఆరు నుంచి ఎనిమిది దాకా మాతోనే ఉన్నావు కదరా, ఆ మూడేళ్లు ఎక్కడికి పోతాయి అన్నాం. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఫొటో పంపాడు, తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని.

తర్వాత పేర్లు. మన వైపు చాలా ఊళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. సోమవారం పుడితే సోంబారి, మంగళవారమైతే మంగ్లి, బుధవారమైతే బుద్రి, శుక్రవారమైతే సుక్రి. బడిలో చేర్చేటప్పుడు రిజిస్టర్‌లోకి ఇంకో పేరు ఎక్కుతుంది. అందుకే మాలో చాలామందికి రెండేసి పేర్లు. మార్కుల మెమోలో ఒకటి, ఇంట్లో ఒకటి. మెమోలో పేరుకి, ఆధార్‌లో పేరుకి, కుల ధ్రువపత్రంలో పేరుకి ఒక్క అక్షరం తేడా వచ్చినా స్కాలర్‌షిప్పు దగ్గర ఎంత తిరగాలో మీకు చెప్పక్కర్లేదు. అందుకే మెమో పేరుని ఉన్నది ఉన్నట్టు చిన్న అక్షరాల్లో కింద వేశాం. పైన పెద్ద అక్షరాల్లో ఇంట్లో పిలిచే పేరు. ఇంటిపేరు పక్కన దాని అర్థం కూడా పెట్టాం. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, వంతల అంటే పాము, పాంగి అంటే గద్ద. అటెండెన్స్‌లో రోజూ విన్న ఈ ఇంటిపేర్లకి అర్థం ఉందని మాలో సగంమందికి పుస్తకం చేసేటప్పుడే తెలిసింది. వివరాలు తాతలని అడిగి రాసుకొచ్చాం.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మన దగ్గర డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు కనిపిస్తాయి. పేజ్‌మేకర్‌ని ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చింది, 1994లో అది అడోబీ చేతికి వెళ్లింది. చివరి వెర్షన్ 7, అది వచ్చింది 2001లో. మన బ్యాచ్ ఎవరూ అప్పటికి పుట్టనే లేదు. పెళ్లి కార్డులు, కరపత్రాలు వాటిలో చక్కగానే వస్తాయి. కానీ అను లాంటి పాత ఫాంట్లలో ఒక చిక్కుంది. తెరమీద మనకి కనిపించేది తెలుగు అక్షరం, ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల నంబర్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులే వస్తాయి. పదేళ్ల తర్వాత ఎవరైనా సుక్రి అని వెతికితే దొరకదు. అందుకని మొత్తం యూనికోడ్‌లో టైపు చేశాం. ఫోన్‌లో మనం కొట్టే తెలుగు అదే. కాబట్టి ఎవరి రెండు లైన్లు వాళ్లు ఫోన్‌లోనే కొట్టి పంపగలిగారు.

పేజీలు పెట్టింది స్క్రైబస్‌లో. ఉచితం, లైసెన్సు కొనక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పాత 1.4 వెర్షన్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చోవు. 2024 జనవరిలో వచ్చిన 1.6 గాని, ఆ తర్వాతది గాని వేసుకోండి. ఇన్‌డిజైన్ ఉన్నవాళ్లు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. పాఠానికి మండలి ఫాంటు, హెడ్డింగులకి గిడుగు ఫాంటు వాడాం, రెండూ ఉచితమే. గిడుగు అంటే గిడుగు రామమూర్తి గారు. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన పెద్దమనిషి. ఆయన పేరున్న ఫాంటులో మన ఇంటిపేర్లు వేసుకోవడం మాకు బాగా నచ్చింది.

పని తేలికవ్వడానికి రెండు విషయాలు ముందే నేర్చుకోండి. ఒకటి మాస్టర్ పేజీ. పేజీ నంబరు, అంచు గీత అందులో ఒకసారి పెడితే అన్ని పేజీల్లోకీ వచ్చేస్తాయి. రెండోది స్టైల్. ఇంటి పేరుకి ఒక స్టైల్, మెమో పేరుకి ఒక స్టైల్ అని పెట్టుకుంటే, సైజు మార్చాలన్నప్పుడు ఒక్కచోట మారిస్తే 55 చోట్లా మారుతుంది. ఒకరి పేరు పెద్దగా, ఒకరిది చిన్నగా పడే సమస్యే ఉండదు.

పుస్తకం సైజు ఏ4 కాగితాన్ని మధ్యకి మడిచినంత. మడిచిన ఒక కాగితానికి నాలుగు పేజీలు కాబట్టి మొత్తం పేజీలు నాలుగు చొప్పున లెక్క కుదరాలి. మాది 48 పేజీలు, అంటే 12 కాగితాలు. మధ్యలో రెండు పిన్నులు. ఫొటో పెట్టెలు పాస్‌పోర్టు ఫొటో సైజు, 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి ఆ పెట్టెకి కనీసం 413 పిక్సెల్‌ల వెడల్పు, 531 పిక్సెల్‌ల ఎత్తు ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపించమని అందరికీ చెప్పండి.

వెతికిన 13 మందిలో పదిమంది ఫొటోలు వచ్చాయి. ఇద్దరి ఆచూకీ దొరకలేదు. స్క్రైబస్‌లో ఖాళీ ఫొటో పెట్టె తెరమీద అడ్డంగా ఇంటూ గీతలతో కనిపిస్తుంది. వాళ్లిద్దరి పేర్ల పక్కన ఆ ఇంటూ చూస్తే ఎవరో తప్పు కొట్టేసినట్టే ఉండేది. ఆ గీతలు ప్రింటులో రావు. కానీ ఉత్త తెల్లగా వదిలేయడానికీ మనసు ఒప్పలేదు. పెట్టె చుట్టూ సన్నని గీత గీసి, లోపల "ఫొటో దొరికిన రోజు ఇక్కడ అంటించండి" అని వేశాం. పాస్‌పోర్టు ఫొటో అందులో సరిగ్గా పడుతుంది.

ఇక చనిపోయిన మా స్నేహితురాలు. ఆమె పేరు పుస్తకంలో ఉంది, ఇక్కడ రాయడం లేదు. వాళ్లమ్మ దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా ఆగస్టు 15న తీసిన గ్రూపు ఫొటో, రెండో వరసలో చివర. మా ఫోన్లలో ఉన్న కాపీలో ఆమె ముఖం ఒక మరకలా ఉంది. ఆ ఫొటో తీసిన మాస్టారు బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఫోన్ చేస్తే పాత మెమరీ కార్డు వెతికి అసలు ఫైలు పంపించారు. వెడల్పు 4000 పిక్సెల్‌లు. అందులో ఆమె ముఖం సుమారు 90 పిక్సెల్‌లు. దాన్ని కత్తిరించి 35 మిల్లీమీటర్ల పెట్టెలోకి సాగదీస్తే కళ్లు, ముక్కు కలిసిపోయాయి. సాఫ్ట్‌వేర్ ఏదైనా లేని చుక్కల్ని తేలేదు. ఫోన్ యాప్‌తో ముఖాన్ని బాగుచేయించవచ్చని ఒకరు చెప్పారు. చేసి చూస్తే వచ్చింది ఎవరో వేరే అమ్మాయి.

అప్పుడు ఆ ఫొటోని కత్తిరించకుండా మొత్తం వేద్దామనుకున్నాం. పిన్నులు పడే నడిమి కాగితం మీద 24, 25 పేజీలు పక్కపక్కనే ఒకే ముక్కగా వస్తాయి, మిగతా పేజీల్లోలా ఫొటో రెండు కాగితాల మీదకి చీలదు. ఆ రెండు పేజీల నిండా, అంటే పూర్తి ఏ4 వెడల్పున, గ్రూపు ఫొటో వేశాం. ఆ ఒక్క కాగితం, అట్ట మాత్రమే రంగుల్లో. అక్కడ ఆమె ముఖం ఏడు మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్నదే, కానీ స్పష్టంగా ఆమే. నవ్వుతోంది. ఆమె పెట్టెలో ఫొటో బదులు "24, 25 పేజీలు, రెండో వరస, చివర" అని ఉంటుంది. పుస్తకం తీసుకెళ్లి ఇచ్చినప్పుడు వాళ్లమ్మ ఆ ముఖం మీద వేలు పెట్టి, పక్కన నిలబడ్డ అందరి పేర్లూ అడిగింది. ఒక్కొక్కరివీ చెప్పాం.

ఆదిలాబాద్ వైపు గోండు తమ్ముళ్లకి, శ్రీకాకుళం, పార్వతీపురం వైపు సవర తమ్ముళ్లకి ఒక మాట. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొరంగ్ సోంపెంగ్ లిపి 2012లోనే వచ్చింది. రెండింటికీ నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేర్లైనా మీ లిపిలో వేయండి. మాకు కువి, ఆదివాసీ ఒడియా మాటలు తెలుగు అక్షరాల్లోనే రాయాల్సి వచ్చింది. కొన్ని శబ్దాలకి తెలుగులో గుర్తు లేదు. దగ్గరగా ఉన్న అక్షరం వేసి, ముందుమాటలో ఎలా పలకాలో చెప్పాం.

చివరిగా, ప్రెస్సుకి పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు ఫాంట్లు అందులోనే ఇమిడేలా చూసుకోండి. అంచుదాకా పోయే ఫొటోలకి మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలండి, కోతలో పోతుంది. అసలు ఫైలు, ఫాంట్లు, ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో పెట్టి కనీసం ముగ్గురి దగ్గర ఉంచండి. మా ఫైలు కావాలంటే అడగండి, పెట్టెలు, స్టైల్స్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి, పేర్లు మార్చుకుంటే చాలు.

కానీ కంప్యూటర్ ఆన్ చేసేముందు హెచ్ఎం సార్‌ని గాని, మేడమ్‌ని గాని అడిగి ఆరో తరగతి రిజిస్టర్ ఒకసారి తీయించండి. పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు మీ పక్కన లేనివాళ్లెవరో చూడండి. వాళ్లకి ఫోన్ చేయడం దగ్గరే పుస్తకం పని మొదలవుతుంది.

జోహార్.