నాన్న, నేను, మూడు డీజిల్ ఇంజిన్లు

పోయిన ఏడాది మా ఇండికా అమ్మేశాం. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి నాలుగున్నర లక్షల్లో సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనాలని నాన్న ఆలోచన. సెలవులకి ఇంటికెళ్లిన నేను రెండు రాత్రులు నెట్‌లో చదివి, కొంటే 2020 మోడల్ బీఎస్6 బండే కొనాలని తేల్చేశాను. దాని ధర ఆరు లక్షలు. "అక్క పెళ్లికి దాచినదాంట్లోంచి లక్షన్నర తీద్దాం నాన్నా, ఉద్యోగం రాగానే నేను పెట్టేస్తా" అన్నాను. అప్పటికి నాకు ఇంటర్న్‌షిప్ కూడా లేదు.

కొత్త వెర్షన్ ఎప్పుడూ పాతదానికంటే బెటరే కదా, అదీ నా లాజిక్. మా ఇండికాలో ఉన్న 1405 సీసీ ఇంజిన్‌కి కంప్యూటర్ లేదు. మెకానికల్ పంపు తోసిన డీజిల్ సిలిండర్ పక్కనున్న చిన్న గదిలో పడి అక్కడే అంటుకునేది. శబ్దం వినే నాన్న దాని జబ్బు చెప్పేసేవాడు. వెనకాల బైక్ మీద వచ్చేవాళ్లు మాత్రం ముక్కు మూసుకునేవాళ్లు. తర్వాతి తరం కామన్ రైల్. స్విఫ్ట్‌లో వచ్చిన ఫియట్ 1.3 లాంటివి. డీజిల్ వెయ్యి బార్‌కి పైగా ఒత్తిడితో ఒకే గొట్టంలో రెడీగా ఉంటుంది, ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో కంప్యూటర్ చెప్తుంది. మైలేజీ బాగుంటుంది కానీ డీజిల్‌లో నీళ్లో చెత్తో ఉంటే ఇంజెక్టర్లు పాడవుతాయి. ఇక 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6. కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల దాకా ఉన్న మసి పరిమితి 4.5కి దిగింది. అందుకోసం పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ పెట్టారు.

"అందులో చేరిన మసి ఏమవుద్ది?" అన్నాడు నాన్న.

"రీజనరేషన్ నాన్నా" అన్నాను. "అంటే?" అన్నాడు. చదివిందంతా ఇంగ్లీషులోనే ఉంది, నా నోట్లోంచి తెలుగులో ఒక్క వాక్యం రాలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన మెకానిక్ బాబాయ్ దగ్గరికి ఆ బండి తీసుకెళ్లాం. ఆయన బానెట్ కూడా ఎత్తకుండా ముందు, "రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావన్నా?" అని అడిగాడు.

"ఇంటి నుంచి కొట్టుకి, మళ్లీ ఇంటికి. మొత్తం ఎనిమిది. నెలకోసారి అమ్మని ఇక్కడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకొస్తా."

"అయితే ఇది నీకెందుకు? అది మసి పట్టే జల్లెడన్నా. నిండితే బండే ఆ మసిని కాల్చుకుద్ది. హైవే మీద కాసేపు ఆపకుండా పోతే వేడెక్కి కాలుద్ది. నువ్వేమో సగంలో కొట్టు ముందు ఆపేస్తావు."

నాకు రెండు రాత్రులు పట్టింది ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. తర్వాత డిప్‌స్టిక్ లాగాడు. ఆయిల్ పై గీత దాటి ఉంది. ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నాను. ఆయన వేలికి రాసుకుని వాసన చూసి, పుల్ల నాన్న చేతికిచ్చాడు. నాన్న మొహం మారిపోయింది. డీజిల్ వాసన. మసి కాల్చడానికి ఇంజిన్ కాస్త ఎక్కువ డీజిల్ చిమ్ముతుంది. పని పూర్తికాకముందే బండి ఆపేస్తూ ఉంటే అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడుతుంది. టర్బో బేరింగులు ఆ ఆయిల్ మీదే బతకాలి. పాత ఓనర్ కూడా నాన్నలాగే ఊళ్లో తిప్పినట్టున్నాడు. రోజూ గుంటూరు, విజయవాడ మధ్య తిరిగేవాళ్ల చేతిలో ఉండి ఉంటే ఇదే బండి బాగుండేదేమో.

తర్వాత ఒక 2014 స్విఫ్ట్ డీజిల్ చూశాం. మేం వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంది. "పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూస్తాం" అని బాబాయ్ అంటే అమ్మే ఆయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మీరెవరైనా పాత డీజిల్ కొంటుంటే ఈ ఒక్కటి మాత్రం మర్చిపోకండి.

చివరికి మూడు లక్షల తొంభై వేలకి ఒక 2016 పెట్రోల్ బండి తీసుకున్నాం. అక్క డబ్బు జోలికి వెళ్లలేదు. లక్షన్నర తీద్దామన్నది నేనేనని అక్కకి ఇంకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మొదటిరోజు నాన్న తాళం తిప్పి, చెవి కాస్త ముందుకి పెట్టి, అద్దం దించి, నావైపు తిరిగి అడిగాడు: "స్టార్ట్ అయిందంటావా?"