పడవగదిలో చివికిన కొయ్య

పడవ నీటియందు నిలుచునది గావున, దానిని చెడగొట్టునదియు క్రిందనున్న నీరే యని పలువురు తలంతురు. అది సగము మాత్రమే నిజము. కొయ్యపడవలు తఱచుగా క్రిందినుండి గాక పైనుండి చెడును. అడుగుననున్న కాలువనీటికంటె, గదికప్పుపై గురిసి సందులలో నిలిచిన వాననీరు వానికి గొప్ప శత్రువు. ఈ సంగతిని నేను గ్రంథములలో జదువుటకు జాల ముందుగా, ఒక వడ్రంగి మేస్త్రి పనిచేయుచుండగా జూచి తెలిసికొంటిని. ఆ పనిని గూర్చి మన విద్యార్థులకు జెప్పుట యుపయోగకరమని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

గోదావరి డెల్టాలో నొకప్పుడు పడవ బండికంటెను ముఖ్యమైన వాహనము. 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టనుండి సాగిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక ప్రయాణములకును నుపయోగపడినవి. ఎత్తుపల్లములు గలచోట్ల లాకులు గట్టి పడవలను నెక్కించుచు దింపుచు నుండిరి. కాకినాడలో పడవ యెక్కినవాడు ధవళేశ్వరము, ఏలూరు, విజయవాడల మీదుగా దక్షిణమునకు సాగి, బకింగ్‌హాం కాలువలో బ్రవేశించి, మద్రాసు వఱకు నీటిమీదనే పోగలిగెడివాడు. గాలి యున్నపుడు తెఱచాప. లేనపుడు గట్టున నడచు మనుష్యులు లాగు త్రాడు.

మా నాయనగారి పడవయు నట్టి కాలువపడవయే. ముందుభాగమున ధాన్యపు బస్తాలు, వెనుకభాగమున నొక గది. గది పొడవు 12 అడుగులు. ఎత్తు మనుష్యుడు వంగి నిలువదగినంత. ప్రక్కల టేకుబల్లలు, ఇరువైపుల రెండేసి కిటికీలు, పైన తారు పూసిన గుడ్డ గప్పిన బల్లల కప్పు. ఆ కప్పుమీద గూర్చుండియే సరంగు చుక్కాని పట్టెడివాడు. పెండ్లిండ్లకును తీర్థములకును పోవు కుటుంబములు గదిలో పరుండి రాత్రియంతయు ప్రయాణము చేసెడివి.

1964వ సంవత్సరపు వేసవిలో, మా యక్క పెండ్లికై చేసిన ఋణము దీర్చుటకు నాయనగారు పడవను విక్రయింప నిశ్చయించిరి. దిగువ గ్రామపు రైతొకడు చూచి ధర నిర్ణయించుకొని, కాలువలకు నీరు విడిచిన పిమ్మట సొమ్మిచ్చి తీసికొనిపోయెదనని చెప్పి వెళ్లెను. పడవ పైకి జక్కగానే యుండెను. కాని యొక కిటికీ క్రింద రంగు పొక్కులు లేచి యుండెను. నాయనగారు అచ్చట నొక్కగా వ్రేలు లోనికి దిగెను. మా మేనమామ చూచి, “బావా! రెండు డబ్బాల రంగు పూయించినచో క్రొత్తదానివలె నుండును. కొనువాడు గోకి చూచునా?” యనెను. నాయనగారు కొంతసేపు మాటాడలేదు. చేత సొమ్ము లేదు. అప్పు గడువు దగ్గఱపడుచుండెను. తుదకు, “ఆ కప్పుమీద సరంగు గూర్చుండును, దాని క్రింద బిడ్డలు పరుందురు” అని మాత్రము పలికి, మఱునాడు తాళ్లరేవునకు మనిషిని బంపిరి. కోరంగి, తాళ్లరేవు ప్రాంతములు ఓడలు, పడవలు కట్టు పనివారికి బహుకాలమునుండి ప్రసిద్ధములు.

వచ్చిన మేస్త్రి వృద్ధుడు. రంపము ముట్టకముందే ఆయన యడిగినవి కుండెడు నీరును సుద్దముక్కయు. నన్ను గదిలో గూర్చుండబెట్టి, “అబ్బాయీ! చుక్క కనబడినచోటనెల్ల గీత గీయుము” అని చెప్పి, తాను కప్పుమీద కొంచెము కొంచెముగా నీరు పోయసాగెను. నీరు దిగినచోటు వేఱు, అది కాఱినచోటు వేఱుగా నుండుట చూచి నేను విస్మయమందితిని. కప్పునడుమ గుడ్డ చిఱిగినచోట దిగిన నీరు దూలము వెంట పాఱి, మూడు మూరల దూరమున కిటికీమూలలో బయటపడుచుండెను. “నీరు వచ్చు త్రోవ మూయక కొయ్య మార్చినచో, క్రొత్తకొయ్యయు పాతదాని దారియే పట్టును” అని మేస్త్రి చెప్పెను.

తరువాత ఆయన సుత్తితో బల్లలన్నిటిని తట్టి చూచెను. మంచికొయ్య గట్టిగా పలికెను. చెడినది దిండును గొట్టినట్లు మూగపోయెను. అనుమానమున్నచోట నినుపమొన గ్రుచ్చి పైకెత్తెను. మంచికొయ్య నిడుపైన పేడుగా చిటుక్కున లేచును. చివికినది చప్పుడులేక పొట్టిముక్కలై విఱుగును. ఈ పరీక్షవలన కిటికీ క్రింది పట్టెయే గాక, కప్పును మోయు వెనుకమూల గుంజయు అడుగున మూరెడు మేర చెడినట్లు తేలెను. దాని పైరంగు మాత్రము నిగనిగలాడుచునే యుండెను.

కొయ్య చివుకుట తడి యొక్కటియే చేయు పని కాదు. కొయ్యను దిని బ్రదుకు శిలీంధ్రములను బూజుజాతి జీవులు చేయు పని. వీనికి ఆహారము, వెచ్చదనము, గాలి, తడి యను నాలుగును గావలెను. కొయ్యలోని తేమ నూటికి 20 పాళ్లకు లోబడి యున్నంతవఱకు ఇవి పెరుగజాలవు. 30 పాళ్లకు వచ్చినచో విజృంభించును. పూర్తిగా మునిగిన కొయ్యకు గాలి చాలదు. పూర్తిగా ఎండిన కొయ్యకు తడి చాలదు. తడిసి యాఱని పడవగది మూలలలో నాలుగును సమకూడును. అడ్డముగా కోసిన కొయ్యకొన సన్నని గొట్టముల కట్టవలె నీటిని పీల్చును గావున, గుంజల అడుగులును పట్టెల కొనలును ముందుగా చెడును. టేకుచేవ దీనిని చిరకాలము ఎదిరించును. చేవచుట్టునుండు తెల్లకొయ్యకు ఆ శక్తి లేదు. తడికొయ్యపై రంగు పూసినచో లోపలి తేమ బయటికి పోజాలక నిలిచిపోవును. మా మేనమామ చెప్పిన యుపాయము దోషమును దాచుటయే గాక పెంచియు నుండెడిది.

రెండు ప్రసిద్ధమైన ఓడలు దీనికి సాక్ష్యము. స్వీడను దేశపు ‘వాసా’ 1628లో మొదటి ప్రయాణముననే స్టాక్‌హోం రేవున మునిగి, 333 ఏండ్ల పిమ్మట 1961లో పైకి తీయబడెను. గాలి తక్కువయు, కొయ్యను తొలుచు సముద్రపు పురుగు లేనిదియు నైన ఆ చల్లని నీట దాని కొయ్య చాలవఱకు నిలిచెను. 1765లో జలప్రవేశము చేసిన ఆంగ్లేయుల ‘విక్టరీ’ 1922లో పోర్ట్స్‌మత్ రేవున నీరు తోడివేసిన కట్టడములో జేర్చబడెను. అయినను వాననీరును శిలీంధ్రములును దాని బల్లలలో జొచ్చుటచే 2022లో పెద్ద మరమ్మతు నారంభింపవలసివచ్చెను. ఉప్పుటేరులలో నీ పురుగు క్రిందిబల్లలను తొలిచివేయును గావుననే, మొదట చెప్పిన తలంపు సగము నిజమంటిని.

ఇక మరమ్మతు సంగతి. కప్పును తాత్కాలికముగా రెండు కఱ్ఱలతో నిలబెట్టి, మేస్త్రి చివికిన కొయ్యనంతయు తీసివేసెను. అచ్చటితో నాగక, పైకి మంచిదిగా కనబడు కొయ్యనుగూడ అడుగెడు మేర కోసెను. శిలీంధ్రపు పోగులు కంటికి దోచకయే ముందుకు ప్రాకియుండు నన్న సంగతి ఆయన శాస్త్రముగా నెఱుగడు. “చెడిన కొయ్య ప్రక్కకొయ్యను నమ్మరాదు” అని మాత్రము తన గురువువద్ద నేర్చుకొనెను. పిమ్మట పది దినములు పనినాపి గదిని ఎండకును గాలికిని విడిచెను. కాలువలు కట్టివేసిన కాలమగుటచే తొందర లేకపోయెను.

క్రొత్తకొయ్యగా ఒక పాతయింటి టేకు ద్వారబంధమును కొంటిమి. అది పూర్తిగా ఆఱినది గావున మఱల ముడుచుకొనదు. గుంజ మందము రెండంగుళములు. అతుకును 16 అంగుళముల యేటవాలుగా, అనగా మందమునకు ఎనిమిదింతలుగా, కోసెను. పొట్టి అతుకు బరువునకు విడిపోవును; నిడుపైనది ఒకే కొయ్యవలె మోయును. వాలు బయటివైపునకు దిగునట్లు పెట్టుటచే నీరు లోనికి జాఱదు. ఇనుపమేకులు త్రుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను చెఱచునని యిత్తడి సీలలనే వాడెను. కొనలకు ముమ్మాఱు నూనె త్రాగించి, సందులలో గుగ్గిలము కాచి నింపెను. కిటికీపట్టె క్రింద నీరు పోవుటకు రెండు చిన్న బెజ్జములును, గది రెండు చివరల గాలి యాడుటకు కంతలును పెట్టి, కప్పుగుడ్డను క్రొత్తగా వేసెను. ఆ కాలమున అడుగుపూతగా వాడిన సిందూరము సీసపు విషము గావున నేడు దానిని వాడరాదు.

కూలియు కొయ్యయు గలసి 180 రూపాయలైనవి. మా యమ్మ గాజుల జత తాకట్టుకు బోయెను. రైతు వచ్చు దినము వఱకు నాయనగారు అతుకులపై రంగు వేయనీయలేదు. ఆయన రాగానే పాతకొయ్య నల్లగాను క్రొత్తకొయ్య యెఱ్ఱగాను నున్న చోట్లను చూపి, గంపలో దాచియుంచిన చివుకును ముందుపెట్టిరి. రైతు చాలసేపు చూచి, అతుకుల పడవ యని చెప్పి ధరలో నూఱు రూపాయలు తగ్గించెను. నాయనగారు వాదింపక సొమ్ము పుచ్చుకొనిరి. మా మేనమామ పలుకలేదు. గాజులు విడిపించుటకు మఱి రెండేండ్లు పట్టెను. ఆ పడవ మఱి యెనిమిది వానకాలములు మా యూరిమీదుగా తిరిగెను. ఆ గుంజ కదలలేదు.

తరువాత బస్సులును లారీలును వచ్చి కాలువపడవల పని ముగిసెను. అయినను మన యిండ్లలో కిటికీలును ద్వారబంధములును గలవు. వానకాలము ఏటేట వచ్చుచున్నది. చివికిన కొయ్యను గట్టిపఱచు ఎపాక్సీ వంటి బంకలు నేడు దొరకుచున్నవి. అవియు కొయ్య యాఱిన పిమ్మటనే పనిచేయును, బరువు మోయు గుంజకు చాలవు. కావున విద్యార్థులారా! మీ యింట రంగు పొక్కినచోట ముందు కుంచె పట్టకుడు. నీరు ఎక్కడినుండి దిగుచున్నదో వెదకుడు. ఇనుపమొనతో గ్రుచ్చి చూడుడు. మంచికొయ్య తగులువఱకు కోయుడు. ఇంత పనికి ఖర్చగును. ఆ ఖర్చును ఎవరో యొకరు భరింపకతప్పదు. మనము మానినచో, మన తరువాత ఆ కప్పు క్రింద పరుండువారు భరింతురు.