పెరటి నూతి నీరు: జమ, ఖర్చు, నిలువ

బరంపురము పాత వీథులలోని మన తెలుగువారి ఇండ్లలో పెరటి నుయ్యి లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. కుళాయిలు వచ్చిన పిదప కొందరు నూతులను పూడ్పించిరి, కొందరు మూతలు వేయించి విడిచిరి. మిగిలిన నూతుల విలువ 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి తరువాత అందరికిని తెలియవచ్చినది. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరమును దాటెను. గాలి వేగము గంటకు సుమారు 200 కిలోమీటర్లు. స్తంభములు కూలి విద్యుత్తు పోయెను. దానితో పంపులు నిలిచి కుళాయిలు ఎండెను. మా వీథిలో నాలుగైదు కుటుంబములకు మా పెరటి నుయ్యియే దిక్కైనది.

నీరున్నది గాని అది త్రాగదగినదా? గాలికి రాలిన ఆకులు, వాన మురుగు నూతిలో చేరియుండెను. తుపానునుండి బ్రదికినవారిని దాని వెనుక వచ్చు అతిసారము బలిగొనవచ్చును. ఆ నీటిపై ఆధారపడినవారిలో ఏడాది నిండని పసిబిడ్డ ఒకతె యుండెను. బ్లీచింగు పౌడరు వేయుదమనగా మా తల్లిగారు సమ్మతింపలేదు. “ఆ కంపు నీళ్లతో దేవుడికి అభిషేకం ఎలా చేస్తాం నాయనా?” అనిరి. పొరుగింటి పెద్దాయన “పిడికెడు చాలదు బాబూ, రెండు పిడికిళ్లు వేయండి” అనిరి. ఒకరికి చిటికెడైనను వలదు, మరియొకరికి డబ్బా యంతయు కావలెను. ఇట్టి వాదమును తీర్చునది కొలత యొక్కటియే.

గుమాస్తాగా చిట్టా ఆవర్జాల నడుమ జీవితము గడపిన మాకు ఈ సంగతి లెక్క రూపముననే బోధపడెను. నీటిలో మనము వేయు క్లోరిన్ జమ. మట్టి, కుళ్లిన ఆకు, సూక్ష్మజీవులు హరించునది ఖర్చు. తుదకు మిగులునది నిలువ. మనలను కాపాడునది ఆ నిలువయే. నూతి నీటిలో మందు కలిపి గంట గడచిన పిమ్మట లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని ప్రజారోగ్య శాస్త్రము చెప్పుచున్నది. నిలువ సున్న అయినచో ఎంత జమ కట్టితిమను మాటకు అర్థము లేదు.

లెక్కకు ముందు నూతిలోని నీరెంతో తెలియవలెను. నూతి వ్యాసమును వ్యాసముతోడను, ఆ వచ్చినదానిని నీటి లోతుతోడను, మరల 3.14తోడను గుణించి, 4చే భాగింపవలెను. కొలతలు మీటర్లలో నున్నచో ఫలితమును 1000చే గుణింపగా లీటర్లు వచ్చును. మా నూతి వ్యాసము 2 మీటర్లు, నాటి నీటి లోతు 3 మీటర్లు. అనగా సుమారు 9,400 లీటర్లు. మంచి బ్లీచింగు పౌడరు 1000 లీటర్లకు 2.5 గ్రాములు సామాన్యపు మోతాదు. ఆ చొప్పున మా నూతికి ఇంచుమించు 24 గ్రాములు. కలక నీటిలో ఖర్చు హెచ్చు గనుక, పరీక్షించి, నిలువ చాలనిచో మరికొంత వేయవలెను.

పౌడరును నేరుగా నూతిలో చల్లరాదు. బకెట్టులో కొంచెము నీటితో ముద్దచేసి, నీరు నింపి కలిపి, పది నిమిషములు కదపక యుంచవలెను. సున్నము అడుగున పేరుకొనును. పైతేట నీటిని వేరొక బకెట్టులోనికి వంచి, దానిని నూతిలోనికి దించి, పైకిని క్రిందికిని ఆడించి కలుపవలెను. మేము రాత్రి నీరు తోడుట ముగిసిన పిదప ఈ పని చేసి, ఉదయమున ఆరోగ్య కార్యకర్త తెచ్చిన పరీక్ష పెట్టెతో నిలువ చూచితిమి. మందుబిళ్ల వేసిన నీరు గులాబి వన్నెకు తిరిగినచో క్లోరిన్ మిగిలియున్నట్లు. వన్నె ముదిరిన కొలది నిలువ హెచ్చు. పూజకు వలసిన నీటిని ఇత్తడి బిందెలో మూత తీసి కొంతసేపుంచగా వాసన తగ్గెను. మా తల్లిగారు వాసన చూచి, మారుమాటాడక బిందె నెత్తుకొని పోయిరి. విద్యుత్తు మరల వచ్చువరకు ఆ నీరు త్రాగినవారిలో ఎవరికిని అతిసారము సోకలేదు. పసిబిడ్డయు క్షేమముగా నుండెను.

ఈ లెక్కయే నేడు మరియొక రూపమున మన కుటుంబములకు ఎదురగుచున్నది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు పెరటిలో వేడినీటి తొట్టెలు పెట్టించుకొనుచున్నారు. మన తప్తపాణిలో గంధకపు వేడి ఊట నిరంతరము పారుచుండును. పాత నీరు పోవును, క్రొత్తది వచ్చును. ఇంటి తొట్టెలో నీరు అదియే తిరుగుచుండును. వేడికి క్లోరిన్ త్వరగా తరుగును. స్నానము చేయువారి చెమట, నూనె దానిని మరింత హరించును. అందుచే అచట కనీసము లీటరుకు 3 మిల్లీగ్రాముల నిలువ ఉండవలెననియు, నీటి పి.హెచ్. 7.0కు 7.8కు నడుమ నుండవలెననియు, వేడి 40 డిగ్రీల సెల్సియసు మించరాదనియు ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రముల సూచన. ఘాటైన వాసన వచ్చుచున్నది గనుక క్లోరిన్ చాలినంత ఉన్నదనుకొనుట పొరపాటు. మురికితో కలిసి చెడిన క్లోరిన్‌కే ఆ ఘాటు హెచ్చు.

మన సముద్రతీరపు చెమ్మకు మూత తీసిన బ్లీచింగు పౌడరు త్వరలో సారము కోల్పోవును. కొద్దికొద్దిగా కొని, గట్టి మూతగల డబ్బాలో, ఎండ సోకని చోట, పిల్లలకు అందకుండ ఉంచవలెను. మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో దానిని ఎన్నడును కలుపరాదు; ప్రాణాపాయకరమగు విషవాయువు పుట్టును.

నుయ్యి మిగిలియున్న మన కుటుంబములవారు దాని వ్యాసమును పెరటి గోడపై వ్రాసి యుంచుకొనుట మంచిది. 2018లో తిత్లీ వచ్చినది, మరియొకటి రాకపోదు. ఆనాడు నీటి లోతొక్కటి కొలిచినచో మిగిలిన లెక్కను ఇంటిలోని హైస్కూలు పిల్లలే కట్టగలరు.