పొలం ఒకటే, ఆలోచనలు వేరు

దేశం మేలు కోరేవారందరూ ఒకే తీరుగా ఆలోచించాలని లేదు. ఆలోచనలు వేరైనచోటనే రాజకీయ పక్షాలు పుడతాయి.

1959 జనవరిలో నాగపూరులో కాంగ్రెసు మహాసభ జరిగింది. రైతులు తమ పొలాలను కలిపి సహకార పద్ధతిలో ఉమ్మడిగా సాగుచేయాలని ఆ సభ తీర్మానించింది. చిన్న రైతుకు అదే మేలని ప్రధాని నెహ్రూ నమ్మారు. రాజాజీ, ఆచార్య ఎన్.జి. రంగా ఆ తీర్మానాన్ని వ్యతిరేకించారు. తన చేను తనదేనన్న ధీమా ఉంటేనే రైతు మనసుపెట్టి పనిచేస్తాడని వారి వాదం. ఆ ఏడాదే స్వతంత్ర పార్టీ ఏర్పడింది. రంగా దానికి తొలి అధ్యక్షులు. కమ్యూనిస్టులేమో, ముందు భూస్వాముల మిగులు భూమిని పేదలకు పంచాలన్నారు.

మూడు పక్షాలవారూ రైతు మేలు కోసమేనన్నారు. ఎవరి మాటలో నిజమెంతో తూచవలసినవాడు ఓటరు. 1967 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ 44 లోక్‌సభ స్థానాలు గెలిచి, ప్రతిపక్షాలలో పెద్దదిగా నిలిచింది. నేడు ఆ పార్టీ లేదు. అయినా, పాలకులను నిలదీసి అడిగేవారు సభలో ఎప్పుడూ ఉండాలి.

వాదం వేరు, వైరం వేరు. నెహ్రూ విధానాలను రాజాజీ ఏళ్ల తరబడి ఖండించారు. 1964లో నెహ్రూ కన్నుమూసినప్పుడు మాత్రం ఆప్తమిత్రుడు పోయాడని దుఃఖించారు.