రేషన్ బియ్యం, లేబర్ కార్డు

ఇవాళ మా వీధి రేషన్ షాపులో నా ముందు ఒక కుర్రాడు. గోళ్ల సందుల్లో ఇంకా టైల్స్ సిమెంటు. కార్డు బీహార్‌ది, పని హైదరాబాద్‌లో.

"అంగూఠా లగావ్" అన్నాడు డీలరు.

అరిగిపోయిన వేలిని మెషీన్ పడితేనా! ప్యాంటుకి తుడుచుకుని, నోటితో ఊది, మళ్లీ మళ్లీ పెడితే చివరికి కుయ్‌మంది. బియ్యం సంచిలో పడ్డాయి. ఊళ్లో ఉన్న వాళ్లావిడ తన వంతు అక్కడే తీసుకుంటుందట.

2019 ఆగస్టులో, ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో రేషన్ తీసుకునే ఈ పద్ధతి ముందుగా మొదలైంది రెండు జంటల్లో. గుజరాత్–మహారాష్ట్ర ఒకటి, తెలంగాణ–ఆంధ్ర ఇంకోటి. విడిపోయిన ఐదేళ్లకి బియ్యం దగ్గర కలిశాం అన్నమాట :)

రాష్ట్రం దాటే సరుకు లారీలకైతే 2017లో జీఎస్టీ వచ్చాక సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు పోయాయి. మనిషికే ఇంకా తిప్పలు. లేబర్ కార్డు ఇచ్చే భవన కార్మికుల సంక్షేమ బోర్డులు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. రాష్ట్రం మారితే మళ్లీ నమోదు, మళ్లీ 90 రోజుల పని రుజువు. సైటు సైటుకీ మారేవాడికి ఆ కాగితం ఏ మేస్త్రీ రాసిస్తాడు?

కాగితం ఒక్కటే అడ్డు కాదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో ఆంధ్రలో చట్టం చేశారు. భూములిచ్చిన ఊళ్ల కోపం నాకర్థమవుతుంది. పొగ వాళ్లకి, జీతం ఇంకొకరికి అంటే ఎవరికైనా మండుతుంది. కానీ 2024లో కర్ణాటక అలాంటి బిల్లే తెచ్చి, వెంటనే పక్కన పెట్టింది గుర్తుందా? బెంగళూరులో ఉన్న మన పిల్లల సంగతేంటని మనమే కదా కంగారుపడ్డాం!

మీలో వేరే రాష్ట్రంలో పని చేసినవాళ్లు చెప్పండి. ఏ కాగితం దగ్గర ఆగిపోయారు?