రాళ్లలో మనిషి జాడ

జంషెడ్‌పూర్‌లో పెరిగినవారికి ఎర్రమట్టి కొత్త కాదు. నోవాముండి గనుల నుంచి ఈ ఊరి కొలుములకు వచ్చే ఇనుపరాయిది ఆ రంగే. శ్రీకాకుళం నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చిన కుటుంబం మాది. అంగారకుడి ఎరుపుకు కారణం కూడా ఇనుప ఆక్సైడే అని బడిలో చదివిన నాటి నుంచి ఆ గ్రహం నాకు పొరుగూరులా తోచేది.

ఆ పొరుగూరిలో ఒక ముఖం కనిపించిందన్న వార్త ఒకప్పుడు లోకాన్ని ఊపివేసింది. 1976 జులై 25న వైకింగ్-1 వ్యోమనౌక సైడోనియా ప్రాంతాన్ని చిత్రించింది. అక్కడి ఒక గుట్ట ఆకాశం వంక చూస్తున్న మనిషి ముఖంలా ఉంది. అది వెలుగునీడల భ్రమ అని నాసా అప్పుడే చెప్పింది. ముక్కుపుటంగా కనిపించిన నల్లచుక్క నిజానికి ప్రసారంలో సమాచారం లోపించిన చోటు. అయినా ఊహ ఆగలేదు. చుట్టుపక్కల గుట్టలు కొందరికి పిరమిడ్లయ్యాయి, మరికొందరికి నగర శిథిలాలయ్యాయి. 1998లోనూ, 2001లోనూ మార్స్ గ్లోబల్ సర్వేయర్ మరింత స్పష్టమైన చిత్రాలు పంపింది. వాటిలో ముఖం మాయమై, కోతకు గురైన బల్లపరుపు కొండ మిగిలింది.

ఈ భ్రమను చూసి నవ్వడం నాకు చేతకాదు. చంద్రుడి మచ్చలో కుందేలును చూసి ఆయనను శశాంకుడన్న సంప్రదాయం మనది. అస్పష్టమైన గీతల్లో ముందుగా ముఖాన్ని వెతకడం మనిషి మెదడు స్వభావం. నిర్జన గ్రహంలో సైతం మనిషి తోడు కోరుకుంటాడు.

నన్ను బాధించేది వేరే సంగతి. జంషెడ్‌పూర్ నుంచి రాంచీ వైపు వెళితే సోనాహాతు ప్రాంతంలో చోకాహాతు అనే గ్రామం ఉంది. అక్కడ విశాలమైన మైదానం నిండా రాతి పలకలు పరచుకొని ఉంటాయి. చెక్కడం లేదు, శాసనం లేదు. తెలియనివారు సహజమైన బండలే అనుకొని సాగిపోతారు. కాని అవి ముండాల ససన్‌దిరులు, అంటే సమాధి శిలలు. దహనం తరువాత మిగిలిన అస్థికలను మట్టికుండలో ఉంచి, తమ కిలికి, అంటే వంశానికి చెందిన పలక కింద చేరుస్తారు. 1870లలో డాల్టన్ అనే ఆంగ్లేయ అధికారి ఇక్కడ ఏడు వేలకు పైగా రాళ్లను లెక్కించాడు. ఆ ఆచారం నేటికీ సజీవం.

నాలుగేళ్ల కిందట ఒక ముండా మిత్రుడి వెంట అక్కడికి వెళ్లాను. ఒక పలక ముందు ఆయన చెప్పులు విడిచి నిలుచున్నాడు. తాతముత్తాతల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఆ రాయిని చదవడానికి లిపి అక్కరలేదు. ఆ పేర్లు తెలిసిన మనిషి ఉంటే చాలు.

ఇలాంటి శిలలు ఎన్నోచోట్ల ఇళ్లకూ, రోడ్లకూ, క్వారీలకూ బలైపోయాయి. అక్కరకు రాని బండలన్న భావనే అందుకు మూలం. తెలంగాణలో కృష్ణాతీరాన ఉన్న ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కడం సంతోషకరం. అయితే హద్దులు గీసి, ఫలకం నాటినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏ రాయి ఏ వంశానిదో చెప్పగల పెద్దలు ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారి నోట, వారి భాషలో ఆ పేర్లను నమోదు చేయడం తక్షణ కర్తవ్యం.

అంగారకుడి కొండ మరో లక్ష సంవత్సరాలైనా మన పరిశీలన కోసం వేచి ఉంటుంది. ఆ పెద్దలకు అంత వ్యవధి లేదు.