కప్పు విప్పిన కారులో

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున బౌలింగ్ గ్రీన్ అను చిన్న పట్టణము కలదు. మేము నివసించు నాష్‌విల్ నగరమునకు అది ఉత్తరముగా సుమారు 65 మైళ్ల దూరమున నున్నది. కార్వెట్ అను స్పోర్ట్సు కార్లు 1981వ సంవత్సరము మొదలుకొని ఈ యూరనే తయారగుచున్నవి. కార్ఖానాకు సమీపముననే కార్వెట్ ప్రదర్శనశాల యొకటి యున్నది. మా బండిని అచ్చటనే స్వీకరింతుమని కోరి, గత వైశాఖమాసమున నేనును మావారును బయలుదేఱితిమి.

“ఈ యీడున నీకు ఇద్దఱు మాత్రము పట్టు బండి యేల?” అని మావారు నెలదినములనుండి అడుగుచునే యుండిరి. న్యాయమైన ప్రశ్నయే. ఏడుగురు కూర్చుండు పెద్దబండిలో ఇరువదియేండ్లు పిల్లలను బడికిని, సంగీతపు పాఠములకును, గుడికిని త్రిప్పినదానను నేను. పిల్ల లిద్దఱును పైచదువులకు వెడలిన పిమ్మట ఇల్లు చిన్నబోయెను. మేమిద్దఱమును మాటలాడుకొనునవి బిల్లులను గూర్చియు, మందులను గూర్చియు మాత్రమే. నా యుద్యోగపు సొమ్ములో నేను దాచుకొన్నది కొంత యుండెను. దానితో నగలు చేయించుకొనినచో ఎవ్వరును ప్రశ్నింపకుందురు. కారనగానే అందఱును ప్రశ్నించిరి.

ప్రదర్శనశాలను చూచుటకు ఒక పూట పట్టినది. 1953లో ఫ్లింట్ నగరమున చేసిన తొలి కార్వెట్లు 300 మాత్రమే. అన్నియు తెల్లనివి, లోపలి యాసనములు ఎఱ్ఱనివి. 1958లో రూత్ గ్లెన్నీ యను మహిళ, నాలుగు ఋతువులకును నాలుగు విధముల గలీబులు ఆసనములకు మార్చుకొనునట్లు ఒక కార్వెట్‌ను తీర్చిదిద్దెనట. ఇంజను ముందు గాక ఆసనముల వెనుక నుండవలెనని యేండ్లతరబడి వాదించిన యింజనీరు జోరా ఆర్కస్ డంటోవ్. ఆయన 1996లో మరణించెను. ఆయన చితాభస్మము ఈ శాలలోనే యున్నది. ఆయన కోరిక 2020 నమూనాతో నెఱవేఱినది. మేము కొన్నది ఆ తరపు బండియే.

2014 ఫిబ్రవరి 12వ తేదీ తెల్లవాఱకముందే ఈ శాలలోని యొక మందిరపు నేల క్రుంగి, ఎనిమిది కార్లు గోతిలో పడిపోయెను. జనులు లేని వేళ యగుటచే ఎవ్వరికిని హాని కలుగలేదు. ఈ ప్రాంతమంతయు సున్నపురాతి నేల. నీరు ఆ రాతిని అనాదిగా కరగించుటచే అడుగున గుహలేర్పడినవి. పడినవానిలో మూడింటిని బాగుచేసిరి. ఐదింటిని నలిగిన రూపముననే యుంచిరి. మావారు ఆ నలిగిన బండ్లను గూర్చి చదివి, “చూచితివా, ఎంత సొమ్ము మట్టిపాలయ్యెనో!” అనిరి. వారు చెప్పునది నా బండిని గూర్చియేనని నాకు తెలియకపోలేదు.

మా కారు నేలకు జానెడెత్తున నైనను లేదు. అందు కూర్చుండుట యనరాదు, దిగుట యనవలయును. ఎనిమిది సిలిండర్ల యింజను మా వీపులవెనుకనే యుండును. చోదకుని యాసనమునకును రెండవ యాసనమునకును నడుమ మీటల వరుసయొకటి గోడవలె సాగియున్నది. “ఇంటిలో చాలక ఇందును నడుమ గోడయా!” అనుకొంటిని గాని పైకనలేదు. మొదటి 500 మైళ్లవఱకు ఇంజనును తీవ్రముగా పరుగెత్తింపరాదనియు, చాలసేపు ఒకే వేగమున పోరాదనియు అచ్చటివారు బోధించిరి. క్రొత్తకోడలికి వలె దీనికిని కొంత గడువీయవలయునన్నమాట. మావారు వెంటనే చిన్నపుస్తకము తీసి మైళ్ల లెక్క వ్రాయ మొదలిడిరి.

ఇక కప్పు సంగతి. అది ఒకే పలక. లోపలి గడియలను విప్పి, చెఱియొక ప్రక్క నిలిచి ఇద్దఱు సమముగా నెత్తి, వెనుక పెట్టెలోని గాడులలో నిలుపవలయును. బరువు పెద్దది కాదు, వెడల్పు పెద్దది. ఒక్కరే యెత్తబోయినచో రంగు గీచుకొనిపోవును. కప్పు నుంచిన పిమ్మట పెట్టెలో సామానులకు చోటు తక్కువ. పులిహోర డబ్బాను ముందున్న చిన్నపెట్టెలో సర్దితిని. చీరకట్టుకొను సోదరీమణులకు ఒక్కమాట. 1927లో నైస్ నగరమున ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ మెడనున్న పొడవైన వస్త్రము కప్పులేని కారు చక్రమునకు చుట్టుకొని ఆమె మరణించెను. నేను పైట చెఱగును నడుమున గట్టిగా దోపి, తలకు రుమాలు కట్టుకొంటిని.

పెద్ద రహదారిని విడిచి, మామత్ గుహలవైపు పాతబాటను పోయితిమి. కప్పు లేనందున క్రొత్తగా కోసిన గడ్డివాసన, పొలముల గాలి, పక్షుల కూతలు నేరుగా మాకడకు వచ్చెను. అదే బాటను పెద్దబండిలో ఎన్నిమార్లో పోయియుంటిమి. ఒక్కనాడైనను ఆ వాసన నెఱుగము. మావారు చేతులు కట్టుకొని కూర్చుండిరి.

ఇంతలో ఉన్నట్టుండి వాన కురిసెను. మీట నొక్కిన మూసికొను కప్పు కాదు మాది. బాటప్రక్కనున్న యొక చిన్న చర్చి ముంగిట బండిని నిలిపి దిగితిమి. కంగారున నేను ముందు కొస నెత్తితిని, వారు వెనుక కొస నెత్తిరి. పలక ఏటవాలై గాడిలో కూర్చుండదయ్యెను. “నే నాడే చెప్పలేదా!” అని వారనిరి. “చెప్పుట తరువాత, ముందు మీవైపు దించుడు” అని నేనంటిని. మూడవమాటు గాని గడియ పడలేదు. లోపల కూర్చుండునప్పటికి ఇద్దఱమును నిలువున తడిసితిమి.

కొంతసేపు మాట లేదు. పిమ్మట మావారు మెల్లగా నవ్వి, “బెజవాడలో బ్యారేజిమీద మన స్కూటరు ఆగిపోయిన వాన జ్ఞప్తి యున్నదా?” అనిరి. పెండ్లియైన క్రొత్తలోని మాట అది. నేను మఱచితిని, వారు మఱవలేదు. ఆనాడు నా చెప్పు తెగినదనియు, తాము దానిని చేతబట్టుకొని నడిచితిమనియు చెప్పిరి. వాన వెలియువఱకు అచ్చటనే పులిహోర తినుచు, బిల్లులు గాని మాటలు మాటలాడుకొంటిమి.

మామత్ గుహలు ప్రపంచమున తెలిసినవానిలో మిక్కిలి పొడవైనవి. ఇంతవఱకు కొలిచిన దారులే 420 మైళ్లకు మించినవి. లోపల సంవత్సరము పొడవునను ఫారన్‌హీట్ 54 డిగ్రీల చల్లదనము. తడిబట్టలతో వణకుచు, ఒకే శాలువను ఇద్దఱమును కప్పుకొని చూచితిమి.

ఈ కారు మాకు అవసరమా యని యెవరైన నడిగినచో, కాదనియే చెప్పుదును. సంసారమునకు పనికివచ్చు బండి యిది కాదు. అయినను మఱునాటి యుదయమున నేను తాళము తీసికొని వాకిటికి వచ్చునప్పటికి, మావారు తమవైపు గడియ విప్పి, నేను రెండవ ప్రక్క పట్టుకొనుటకై వేచియుండిరి.